చీర అసలు ధర ట్యాగు మీద ఉండదు

బట్టల ఖర్చు తగ్గించుకోమని చెప్పేవాళ్ళు అందరూ ఒకటే మాట చెబుతారు, అవసరమైతేనే కొనండి అని. వినడానికి బాగానే ఉంటుంది. తిరుపతిలో ఒక మామూలు ఇంట్లో ఏడాది పొడుగునా కొన్న బట్టల్ని కూర్చుని గుర్తు చేసుకుంటే మాత్రం ఆ సలహా ఎందుకు పనిచెయ్యదో తెలిసిపోతుంది. ఉగాదికి పిల్లలకు తలా ఒక జత, గంగమ్మ జాతరకు ఆడబిడ్డ వస్తే ఆమెకో చీర, ఆడికృత్తికకు కావడి ఎత్తే బావకు పసుపు పంచె, వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి పేరు చెప్పి మనకొకటి, బ్రహ్మోత్సవాలకు దిగే చుట్టాలకు పంపేటప్పుడు ఏదో ఒకటి, మధ్యలో రెండు గృహప్రవేశాలు, ఒక షష్టిపూర్తి. ఇందులో అనవసరం అనగలిగింది ఏది? అన్నీ అవసరమే. కాకపోతే అవి ఒంటికి అవసరమైనవి కావు. క్యాలెండర్‌కు, చుట్టరికాలకు అవసరమైనవి.

అందుకే నేననేది, బట్టల ఖర్చు ఒకటి కాదు, మూడు. కట్టుకునేవి, పెట్టేవి, దాచేవి. రోజూ ఆఫీసుకో బడికో బజారుకో వేసుకెళ్ళేవి మొదటి రకం. తాంబూలంలో పెట్టి ఇచ్చే చీరలు, జాకెట్టు ముక్కలు, పంచెలు రెండో రకం. పెళ్ళి పట్టుచీరల్లాంటివి మూడోది, ఏడాదికి ఒకసారో రెండుసార్లో బయటికొచ్చి మళ్ళీ బీరువాలోకి పోయేవి. మూడింటికీ చూడాల్సినవి వేరు. కట్టుకునేదానికి గుడ్డ, కుట్టు, ఉతికితే ఏమవుతుందో చూడాలి. పెట్టేదానికి మర్యాద చూడాలి. దాచేదానికి అది నిజంగా పట్టేనా, జరీ ఎలాంటిది అని చూడాలి. మనం చేసేదంతా తారుమారు. రోజూ వేసుకునేది ఆఫర్ చూసి కొంటాం, పెట్టేదానికి గంటసేపు డిజైన్లు వెతుకుతాం, దాచేదానికి పెద్దమ్మ కూతురు ఎంతలో కొనిందో తెలుసుకుని దానికి రెండు వేలు కలుపుతాం. పైగా మూడూ ఒకే సాయంత్రం, ఒకే షాపులో, ఒకే ఫోన్‌పేలో అయిపోతాయి కాబట్టి నెలాఖరుకు ఏది దేనికి పోయిందో ఎవరికీ తెలీదు.

కనపడని ఖర్చు

ముందు కట్టుకునేవాటి సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు మతలబంతా అక్కడే ఉంది.

గాంధీరోడ్డులో 1,200 పెట్టి ఒక చీర కొన్నామనుకోండి. ఫాల్ కుట్టి జిగ్‌జాగ్ చెయ్యడానికి ఒక 120, లైనింగ్ గుడ్డకు 80, లైనింగ్ జాకెట్టు కుట్టుకూలి 500, రంగు కలిసే లోపలి పావడా 200. టైలర్‌ను బట్టి, వీధిని బట్టి ఇవి కాస్త అటూఇటూ అవుతాయి గానీ లెక్క కోసం ఇలాగే ఉంచుదాం. చీర మీద పడ్డ అదనపు ఖర్చు 900. అంటే ఆ చీర 2,100. జాకెట్టుకు మగ్గం వర్క్ చేయిస్తే ఇక చీర ధర గురించి మాట్లాడుకోవడమే దండగ, చాలాసార్లు జాకెట్టే చీరను దాటిపోతుంది.

ఇప్పుడు అదే 1,200తో ఒకటి కాకుండా 600 చొప్పున రెండు కొంటే? చూడ్డానికి రెండు వచ్చాయి, లాభమే. కానీ ఆ 900 ప్రతి చీరకూ విడివిడిగా పడుతుంది. రెండింటికీ కలిపి 1,200కు తోడు ఇంకో 1,800, మొత్తం 3,000. చవక చీర కొన్నప్పుడల్లా ట్యాగు మీద ఉన్నదానికంటే ట్యాగు మీద లేనిదే ఎక్కువ కడుతున్నామన్నమాట. చీర మీద వంద తగ్గించమని అరగంట బేరమాడి, పక్క వీధిలో టైలర్ దగ్గర మాట్లాడకుండా ఐదు వందలు ఇచ్చి రావడం మనకు మామూలే. చుడీదార్ గుడ్డకైనా ఇదే సూత్రం. ప్యాంటు గుడ్డ కొని కుట్టించే మగవాళ్ళకూ ఇదే, కాకపోతే వాళ్ళలో ఇప్పుడు ఎక్కువమంది రెడీమేడ్‌కు మారిపోయారు.

ఇంకొంచెం లోపలికి పోతే ఇంకో సంగతి కనపడుతుంది. బీరువాలో "కట్టుకోలేను" అని పక్కనపెట్టిన చీరలన్నీ మంచం మీద వేసి ఒక్కొక్కదానికీ ఎందుకు కట్టుకోవడం లేదో అడగండి. చిరిగిపోయినవి చాలా తక్కువ ఉంటాయి. నచ్చనివి కొన్ని ఉంటాయి. మిగిలినవాటిలో పెద్ద భాగం చీర బాగుండి జాకెట్టు పట్టనివి. కాన్పు తర్వాతో, నలభై దాటాకో, థైరాయిడ్ వచ్చాకో ఒళ్ళు మారుతుంది, చీర మారదు, జాకెట్టు మాత్రం చంకల దగ్గర బిగుసుకుంటుంది. దానికి మనం కనిపెట్టిన మందు కొత్త చీర. ఆరువందల సమస్యను రెండు వేలతో తీర్చుకుంటున్నాం.

దీనికి దారులున్నాయి, కొత్తవేం కావు. కుట్టించేటప్పుడే పక్క కుట్లలో రెండు వైపులా ఒకటిన్నర అంగుళం గుడ్డ లోపల వదలమని చెప్పాలి. చాలామంది టైలర్లు అడక్కపోయినా వదులుతారు, కానీ గుడ్డ చాలలేదని కోసేసేవాళ్ళూ ఉన్నారు. ఒళ్ళు మారితే ఒక కుట్టు విప్పితే సరిపోతుంది. లైనింగ్ గుడ్డను ఒక రాత్రి మామూలు నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, అప్పుడు టైలర్‌కు ఇవ్వాలి. లేకపోతే మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది, ఆ జాకెట్టు ఇక బాగుపడదు. అన్నిటికంటే పెద్ద ఉపాయం, నాలుగు ఉమ్మడి జాకెట్లు: ఒకటి నలుపు, ఒకటి మెరూన్, ఒకటి బంగారు రంగు, ఒకటి గోధుమ తెలుపు. మంచి గుడ్డతో, మంచి టైలర్ దగ్గర, ఇప్పటి కొలతలతో. ఈ నాలుగూ ఉంటే పడుకుని ఉన్న చీరల్లో చాలా లేచి కూర్చుంటాయి. మ్యాచింగ్ జాకెట్టే వెయ్యాలన్న నియమం ఎవరు పెట్టారో తెలీదు గానీ ఇప్పుడు పెళ్ళిళ్ళలో కూడా కాంట్రాస్ట్ జాకెట్టే ఫ్యాషన్ కాబట్టి మన పిసినారితనం ఎవరికీ కనపడదు కూడా.

పిల్లల బట్టల విషయంలో మన పాతవాళ్ళ తెలివి ఇంకా బాగుండేది. పట్టులంగా అంచుకు పైన లోపలి వైపు రెండు మూడు మడతలు వేసి కుట్టించి, పిల్ల ఎత్తు పెరిగేకొద్దీ ఏడాదికొక మడత విప్పేవాళ్ళు. ఇప్పుడు రెడీమేడ్ లెహంగా కొంటే అంచు దగ్గర అరంగుళం కూడా మిగలదు, వచ్చే సంక్రాంతికి అది చెల్లెలికి.

ఒక్కసారి కట్టుకోడానికి ఎంత పడింది అనే లెక్క ఒకటి ఈ మధ్య బాగా ప్రచారంలో ఉంది. పై చీర 2,100కు వచ్చింది, ముప్పైసార్లు కడితే సారికి 70, రెండుసార్లు కట్టి వదిలేస్తే సారికి 1,050. లెక్క సరైనదే. కానీ దాన్ని షాపులో నిలబడి వేస్తే మనల్ని మనమే బుట్టలో వేసుకుంటాం, ఎందుకంటే ఎన్నిసార్లు కట్టుకుంటామో అప్పటికి తెలీదు, అది మన ఆశ. వందసార్లు కడతాను అనేసుకుంటే ఇరవై వేల చీర కూడా చవకే. ఈ లెక్క వెయ్యాల్సింది ఇంట్లో, ఇప్పటికే ఉన్నవాటి మీద. ఉతికి ఇస్త్రీ అయి వచ్చిన ప్రతిదాన్నీ బీరువాలో కుడివైపు పెడుతూ పొండి, సంక్రాంతికి మొదలుపెడితే ఎండాకాలం అయ్యేసరికి ఎడమవైపు మిగిలిన గుట్ట తనంతట తనే మాట్లాడుతుంది. కుడివైపు ఉన్నవాటిని చూడండి. ఏ గుడ్డ, ఏ రంగు, చేతులు ఎంత పొడుగు, అంచు సన్నమా పెద్దదా. షాపుకు వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాల్సిన జాబితా అదే. మనకు ఏది నప్పుతుందో సేల్స్‌మన్ కంటే ఆ గుట్టకు బాగా తెలుసు.

షాపువాళ్ళ క్యాలెండర్

తగ్గింపు గురించి రెండు మాటలు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, శుభకార్యాలు ఉండవు, షాపుల్లో సరుకు కదలదు, అందుకే తగ్గింపు పెడతారు. ఇది అందరికీ తెలిసిందే. మన వైపు దీనికొక ప్రత్యేకత ఉంది. తెలుగువాళ్ళ ఆషాఢం చాంద్రమానం, ఎక్కువగా జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో మొదలవుతుంది. తమిళుల ఆడి సౌరమానం, జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. చిత్తూరు, నగరి, పుత్తూరు, తిరుపతి వైపు రెండూ పాటించే ఇళ్ళు ఒకే వీధిలో ఉంటాయి కాబట్టి షాపువాడు ఆషాఢం బ్యానర్ దించి ఆడి బ్యానర్ ఎత్తితే చాలు, తగ్గింపు సాగుతూనే ఉంటుంది. అప్పుడు అమ్మేది చాలావరకు పెళ్ళిళ్ళ సీజన్లో మిగిలిపోయిన సరుకు. శ్రావణానికి కొత్త సరుకు దిగాలంటే అరలు ఖాళీ కావాలి కదా.

కాబట్టి ఆ రోజుల్లో కొనకూడదని కాదు. ఏం కొనాలి అన్నది తెలివి. ఫ్యాషన్‌తో పని లేనివి కొనుక్కోవాలి. తువ్వాళ్ళు, దుప్పట్లు, లోపలి పావడాలు, లైనింగ్ గుడ్డ, బనియన్లు, తెల్ల పంచెలు. ముఖ్యంగా పంచెలు. శ్రీవారి ఆర్జిత సేవలకు, ప్రత్యేక ప్రవేశ దర్శనానికి సంప్రదాయ దుస్తులు ఉండాలి, మగవాళ్ళకు పంచె గానీ కుర్తా పైజమా గానీ, ఆడవాళ్ళకు చీర, లంగాఓణీ, లేదా చున్నీతో చుడీదార్. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చే బావమరిది జీన్స్‌లో దిగి, తెల్లవారుజామున దర్శనం పెట్టుకుని, రాత్రి తొమ్మిదికి "పంచె ఉందా బావా" అంటాడు. ఆ వేళప్పుడు ఏ షాపు తెరిచుంటే అక్కడ అడిగిందిచ్చి కొనాల్సిందే. ఇంట్లో రెండు పంచెలు ఎప్పుడూ ఉతికి ఉంచుకోవడం తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళకు గ్యాస్ బండ రెండోది ఉంచుకోవడం లాంటిది.

తగ్గింపు అంకెలు మనసులో ఒకటి, బిల్లులో ఒకటి. 50 శాతం పైన ఇంకో 20 శాతం అంటే 70 కాదు, 60. వెయ్యి సగమై 500, అందులో 20 శాతం పోతే 400. రెండు కొంటే ఒకటి ఉచితం అంటే 33 శాతం, అదీ మూడూ మనకు కావాల్సినవైతేనే, మూడోది ఊరికే తెచ్చుకున్నదైతే మనకు తగ్గిందేమీ లేదు. ఎమ్మార్పీ అనేది తయారీదారు వేసుకునే గరిష్ఠ ధర, అంత వెయ్యాలని గానీ అంతకంటే తక్కువ వెయ్యాలని గానీ రెడీమేడ్ బట్టలకు సర్కారు పెట్టిన పట్టిక ఏమీ లేదు. కాబట్టి ఎమ్మార్పీ మీద ఎంత తగ్గింది అన్న ప్రశ్నకు అర్థం లేదు. బయట ఇలాంటిది ఎంతకు దొరుకుతుంది అన్నదే ప్రశ్న. కేజీల లెక్కన చీరలు అమ్మే మేళాలు ఇంకో తమాషా. కేజీ ఎంత అని అడుగుతాం, చీర ఎంత పడిందో అడగం.

పన్ను సంగతి కూడా తెలిసుండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ బట్టల్లో ఒక్కోటి 2,500 దాకా ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. పన్ను కలపకముందు ధర 2,500 అయితే చేతికొచ్చేసరికి 2,625. అదే 2,600 అయితే 3,068. వంద రూపాయల తేడా నాలుగు వందల నలభై మూడు అయింది. ఆ గీతకు కాస్త పైన ఉన్న బట్ట నచ్చితే, గీతకు కింద అలాంటిదే ఉందేమో ఒకసారి వెతకడం తప్పు కాదు.

ఇవన్నీ అంకెలు. అంకెల కంటే ఎక్కువ ఖర్చు పెట్టించేది మొహమాటం. మెత్త మీద కూర్చోబెడతారు, నీళ్ళు ఇస్తారు, ఒక అబ్బాయి ముప్పై చీరలు దులిపి మన ముందు పరుస్తాడు, "ఇది చూడండక్కా, మీ కలర్‌కు బాగుంటుంది, లాస్ట్ పీస్" అంటాడు. అంత గుట్ట పడ్డాక ఏమీ తీసుకోకుండా లేవడానికి కాళ్ళు రావు. చీరలు విప్పడం, మడవడం ఆ అబ్బాయి రోజూ చేసే పని, మనం కొన్నా కొనకపోయినా సాయంత్రానికి ఆ గుట్ట మడవాల్సిందే. అయినా మనకు జాలి. దీనికి మందు లేచేటప్పుడు కాదు, కూర్చునేటప్పుడే వెయ్యాలి. "తమ్ముడూ, కాటన్, వెయ్యి లోపల, సన్న అంచు, ఇంకేం తియ్యొద్దు" అని ముందే చెప్పేస్తే అతనికీ చాకిరీ తగ్గుతుంది. పెళ్ళి షాపింగ్‌కు కాకుండా మామూలు బట్టలకు వెళ్ళేటప్పుడు ఇద్దరికి మించి వెళ్ళకపోవడం ఇంకా మంచిది. నలుగురు వెళ్తే నలుగురికీ ఏదో ఒకటి నచ్చుతుంది.

షాపులోనైనా లేచి రావచ్చు. వాట్సాప్‌లో అమ్మే కాలనీ అక్క దగ్గర అదీ కుదరదు. ఇది ఇప్పుడు చాలా పెద్ద బజారు, కానీ ఎవరూ దీన్ని బజారు అనుకోరు. పొద్దున్నే స్టేటస్‌లో ఇరవై చీరలు, మధ్యాహ్నం ఫోన్, "డబ్బులు నిదానంగా ఇవ్వు వదినా, నీకు కాకపోతే ఎవరికిస్తా". బేరం ఆడలేం, రంగు పోయిందని తిరిగి ఇవ్వలేం, బిల్లు అడిగితే మొహం మారుతుంది. నెలకు ఐదు వందలు చొప్పున కట్టేస్తుంటే ధర ఎంతన్నది మర్చిపోతాం, పాత బాకీ తీరకముందే కొత్తది చేరుతుంది. ఆమె తప్పేమీ లేదు, ఇంట్లో ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకుంటోంది, చాలాసార్లు షాపుకంటే మంచి చీర, తక్కువకే ఇస్తుంది. నేను చెప్పేదల్లా ఒక్కటే, అక్కడ కొన్నదాన్ని పూర్తి డబ్బు ఇచ్చే కొనండి. చేతిలో లేకపోతే లేదని చెప్పడం వాయిదా మర్చిపోయి మొహం చాటేయడం కంటే స్నేహానికి మంచిది.

కంచి ప్రయాణం ఇంకో పెద్ద కథ. తిరుపతి నుంచి నూట పది కిలోమీటర్ల దూరం, పెళ్ళంటే కారు మాట్లాడుకుని పొద్దున్నే బయల్దేరడం మామూలు. అక్కడ చవకా అంటే, పది పదిహేను పట్టుచీరలు కొనేవాళ్ళకు ఎంపిక ఎక్కువ, బేరానికి వీలు ఎక్కువ, లాభమే కావచ్చు. రెండు చీరలకు వెళ్ళేవాళ్ళకు కారు బాడుగ, భోజనాలు చీర మీద వేసుకుంటే మిగిలేది పెద్దగా ఉండదు. పైగా "అంత దూరం పోయి ఊరికే వస్తామా" అనే మాట ఒకటుంది చూడండి, దానివల్ల జాబితాలో లేని మూడు చీరలు డిక్కీలోకి ఎక్కుతాయి.

పట్టుకు సిల్క్ మార్క్ చూసి కొనమంటారు, మంచిదే. కేంద్ర సిల్క్ బోర్డు ఆధ్వర్యంలో 2004 నుంచి నడుస్తున్న ఈ గుర్తు, హోలోగ్రాం లేబుల్‌తో, ఆ గుడ్డ స్వచ్ఛమైన పట్టు అని చెబుతుంది. అంతవరకే. జరీ గురించి అది ఏమీ చెప్పదు, చేత్తో నేసిందని చెప్పదు, ధర న్యాయమైనదని అసలే చెప్పదు. చేనేతకు వేరే గుర్తు, హ్యాండ్‌లూమ్ మార్క్. జరీలో అసలైనది పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత వేసింది, తర్వాతది రాగి తీగ, ఆ తర్వాతది మెరిసే ప్లాస్టిక్. మూడింటినీ షాపులో "జరీ" అనే అంటారు. ఏ జరీనో బిల్లు మీద రాసివ్వమని అడగండి. రాయడానికి నసిగితే అదే జవాబు.

గుడ్డ చూడ్డం

మన ఊళ్ళో మే నెలలో ఎండ నలభై దాటుతుంది. నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమను పట్టుకోగలదు, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు, చెమట ఒంటి మీదే నిలుస్తుంది. అలాగని పాలిస్టర్‌ను తిట్టాల్సిన పనీ లేదు. స్కూలు యూనిఫాం టెర్రికాటన్‌లో, అంటే పాలిస్టర్, నూలు కలిపిన గుడ్డలో, ఉండేది అందుకే, రోజూ ఉతికినా రంగు, ఆకారం పోవు, రాత్రి ఆరేస్తే పొద్దునకు ఆరిపోతుంది. ఎక్కడ ఏది పనికొస్తుందో తెలిస్తే చాలు.

అసలు తిరకాసు రేయాన్ దగ్గర ఉంది. కుర్తీలు అమ్మే ప్రతి షాపులోనూ "రేయాన్ కాటన్ మేడమ్, మెత్తగా ఉంటుంది" అంటారు. లోపలి పక్క కుట్టులో చిన్న తెల్ల లేబుల్ తిప్పి చూడండి, చాలాసార్లు వంద శాతం విస్కోస్ అని ఉంటుంది. రేయాన్ అంటే అదే, చెట్ల గుజ్జు నుంచి తీసిన దారం, నూలు కాదు. మెత్తగా, చల్లగా ఉండే మాట నిజమే. కానీ తడిసినప్పుడు దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. మనమేమో బోరు నీళ్ళలో సబ్బు సరిగా నురగ రాక ఇంకో చెంచా పొడి వేసి, బండ మీద బ్రష్‌తో రుద్ది, నీళ్ళు పోయేదాకా పిండి, మిద్దె మీద ఎండలో ఆరేస్తాం. నాలుగు నెలలకు చంకల దగ్గర పిగిలిపోయి, పొడుగు తగ్గి కూర్చుంటుంది. తప్పు కుర్తీది కాదు, దాన్ని నూలు అనుకుని ఉతకడమే. పిండకుండా, నీడలో ఆరేసే ఓపిక లేనివాళ్ళు రేయాన్ జోలికి పోకపోవడమే చవక.

కొనేముందు చెయ్యాల్సిన పరీక్షలు పెద్దవేం కావు. ముదురు రంగైతే జేబురుమాలు కొన తడిపి లోపలి మడత మీద పదిసార్లు రుద్దితే రంగు సంగతి అక్కడే తేలిపోతుంది. చొక్కా అయితే తిరగేసి, పక్క కుట్టును రెండు చేతులతో అటూ ఇటూ లాగి వెలుతురుకు పట్టండి, కుట్ల మధ్య సందులు కనిపిస్తే ఆరు నెలల బతుకే. గళ్ళ చొక్కాలో జేబు మీద గీతలు, చొక్కా గీతలు కలిశాయా చూడండి, కలిపి కుట్టినవాడు మిగతాది కూడా శ్రద్ధగా కుట్టి ఉంటాడు. ఇంటికొచ్చాక అనుమానం తీరకపోతే కొంగు చివర రెండు పోగులు లాగి సింకు మీద అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది, పట్టు వెంట్రుక కాలిన వాసనేస్తుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది.

మనకు దగ్గర్లోనే మగ్గాలున్నాయన్న సంగతి మనకే గుర్తుండదు. వెంకటగిరి 2022లో జిల్లాలు విడగొట్టాక మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది, అక్కడి సన్న నూలు చీర ఎండాకాలానికి అంతకంటే మంచిది లేదని నా అభిప్రాయం. గంజి పెట్టి ఇస్త్రీ చేసే ఓపిక మాత్రం కావాలి. శ్రీకాళహస్తిలో చేత్తో కలం పట్టి వేసే కలంకారీ ఉంది, బజారులో కలంకారీ పేరుతో చవకగా దొరికేది చాలావరకు మిషన్ ప్రింట్. ప్రింట్ అని తెలిసి ప్రింట్ ధరకు కొంటే నష్టం లేదు. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల గుడ్డ మన ఇళ్ళలో తెలియకుండానే ఉంటుంది. ఆ వైపు రంగుల అద్దకం నీళ్ళ కాలుష్యం గురించి ఏళ్ళుగా గొడవ నడుస్తోంది కాబట్టి, గుడ్డ చవక అంటే ఆ ఖర్చు ఇంకెవరో భరిస్తున్నారని కూడా అనుకోవచ్చు.

పెట్టే చీరల దగ్గరికి వస్తే, పొదుపు సలహాలు ఇక్కడే చేతులెత్తేస్తాయి. "పెట్టుబడి చీరలు" అని షాపుల్లో వేరే అరే ఉంటుంది. డజన్ల లెక్కన తీసుకుంటాం, ఇచ్చేవాళ్ళకూ తీసుకునేవాళ్ళకూ తెలుసు అవి ఎవరూ కట్టరని. కవరు కూడా విప్పకుండా ఇంకో ఇంటి తాంబూలంలోకి పోతాయి. జాకెట్టు ముక్కల సంగతి అడగనే వద్దు, పోయిన శ్రావణంలో మనం ఇచ్చిన ఆకుపచ్చ ముక్క ఈ శ్రావణంలో మనింటికే వస్తే నవ్వుకుని మళ్ళీ పెట్టెలో వేస్తాం. ఇదంతా వృథా అని కొట్టిపారెయ్యలేను. చీర పెట్టకపోతే మాట పడేది మనమే. పైగా ఒకరు ఒంటరిగా మానేస్తే పొదుపు అనరు, పిసినారి అంటారు. ఇద్దరు ముగ్గురు కలిసి మానుకుంటేనే కుదురుతుంది. తోడికోడళ్ళు, ఆడబిడ్డలు కూర్చుని "వదినా, ఇకనుంచి మన మధ్య చీరలొద్దు, పసుపు కుంకుమతో జాకెట్టు ముక్క చాలు, పిల్లల పెళ్ళిళ్ళకు మాత్రం బాగా పెట్టుకుందాం" అని ఒక మాట అనుకుంటే ఏడాదికి నాలుగైదు వేలు రెండు ఇళ్ళలోనూ మిగులుతాయి. ఆ మాట పెద్దావిడ నోటి నుంచి వస్తే ఇంకా మంచిది. కొత్తకోడలు అంటే వేరే అర్థం వస్తుంది. తప్పనిసరిగా పెట్టాల్సిన చోట సింథటిక్ చీర బదులు అదే డబ్బుకు మంచి నూలు తువ్వాళ్ళ జత, లేదా చేనేత దుప్పటి పెట్టి చూడండి, కనీసం వాడుకుంటారు.

ఆన్‌లైన్ గురించి క్లుప్తంగా. "ఇంకా ఇద్దరు చూస్తున్నారు", "పన్నెండు నిమిషాల్లో ముగుస్తుంది" లాంటి తొందర పెట్టే అబద్ధాలను, అడక్కుండా బుట్టలో వస్తువులు చేర్చడాన్ని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో నిషేధించింది. అయినా కనిపిస్తాయి. బుట్టలో వేసి నాలుగు రోజులు ఆగితే చాలావాటి మీద మోజు తనే పోతుంది.

షాపు బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసి ఉంటుంది, మనం దాన్ని వేదవాక్యంలా నమ్ముతాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు ఏదీ చెప్పకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. రంగు నచ్చలేదు, అత్తగారికి నచ్చలేదు అంటే ఇది వర్తించదు. చిరుగు, పోగులు పోవడం, మొదటి ఉతుకుకే రంగు దిగిపోవడం లాంటివాటికి అడగొచ్చు. షాపువాళ్ళు మాట వినకపోతే 1915కు ఫోన్ చెయ్యొచ్చు. బిల్లు మాత్రం ఉండాలి, అందుకే బిల్లు లేకుండా ఐదు శాతం తగ్గిస్తామంటే ఒప్పుకోకూడదు.

ఇక బీరువాలోంచి బయటికి పోవాల్సినవి. కొండ మీద స్వామివారికి భక్తులు ఇచ్చిన వస్త్రాలనే టీటీడీ ఎప్పటికప్పుడు ఈ-వేలంలో అమ్మేస్తుంది, మనం మాత్రం 2009 నాటి నెమలి కంఠం జార్జెట్‌ను ప్రాణం పెట్టి దాస్తాం. పాత నూలు చీరలు బొంతకు పనికొస్తాయి, మెత్తబడ్డవి ఇల్లు తుడవడానికి, బండి తుడవడానికి. పాలిస్టర్ నీళ్ళు పీల్చదు కాబట్టి దేనికీ రాదు, బాగున్నప్పుడే ఎవరికైనా ఇచ్చెయ్యాలి. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె వీధిలోకి వస్తే, జరీ ఉన్న పాత పట్టుచీరలు మాత్రం ఆ మూటలో వెయ్యకండి. అసలు వెండి జరీ అయితే దానికి వెండి విలువ ఉంటుంది, కొనేవాళ్ళు వేరే ఉంటారు. గుమ్మం దగ్గరికొచ్చి "పాత పట్టుచీరలు కొంటాం" అని అరిచేవాళ్ళకు ఇచ్చేముందు ఇంట్లోనే తూకం వేసుకుని, కనీసం ఇద్దరి దగ్గర ధర అడగండి.